ఖజానా మీద చెయ్యి: పరోక్ష ఆధిపత్యం పనిచేసే తీరు

బలమైన రాజ్యం బలహీన రాజ్యాన్ని తనలో కలుపుకోకుండానే దాని నిర్ణయాలను శాసించగలగడాన్ని పరోక్ష ఆధిపత్యం అంటారు. లొంగిన దేశానికి తన రాజు ఉంటాడు, జెండా ఉంటుంది, మంత్రులుంటారు, కొన్నిచోట్ల ఎన్నికలు కూడా జరుగుతాయి. పన్ను ఎంత వెయ్యాలి, వచ్చిన డబ్బులోంచి ముందు ఎవరికి చెల్లించాలి, సరుకు ఏ ధరకు ఎవరికి అమ్మాలి, సైన్యం ఎవరి మాట వినాలి అన్నవి మాత్రం బయటివాళ్లు తేలుస్తారు. దాదాభాయి నౌరోజీ 1901లో ప్రచురించిన గ్రంథంలో భారతదేశపు సంపద ఏ కాలువల గుండా ఇంగ్లండుకు పారుతోందో లెక్కలు కట్టి చూపాడు. 1953లో జాన్ గలాఘర్, రొనాల్డ్ రాబిన్సన్ అనే చరిత్రకారులు బ్రిటిష్ సామ్రాజ్యాన్ని దాని జెండా ఎగిరిన నేలతోనే కొలవకూడదనీ, వీలైనచోట పరోక్షంగా, తప్పనప్పుడే ప్రత్యక్షంగా ఏలడం దాని పద్ధతనీ వాదించారు. ఘనా అధ్యక్షుడు క్వామే ఎన్‌క్రుమా 1965లో, స్వాతంత్ర్యం వచ్చిన ఆఫ్రికా దేశాల్లో ఇదే తంతు కొత్త రూపంలో సాగుతోందని పుస్తకం రాశాడు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ఆయన దేశంలో లేని సమయంలో సైన్యం ఆయన్ని గద్దె దించింది. ఈ ఆధిపత్యానికి సైన్యం, రాయబారం, వ్యాపారం, విద్య ఇలా ఎన్నో దారులున్నాయి. అవన్నీ వచ్చి కలిసే చోటు ఒకటుంది: ఆ దేశపు రాబడి. రాబడి మీద పట్టు దొరికిన రాజ్యానికి మిగతావాటి కోసం పెద్దగా శ్రమపడే అవసరం ఉండదు. రాబడి చేజారిన దేశానికి సింహాసనం మిగిలినా దాని మీద కూర్చున్నవాడు చెయ్యగలిగింది తక్కువ.

దీనికి బాగా నమోదైన పాత ఉదాహరణ తెలుగు నేల మీదే ఉంది. 1753లో హైదరాబాదు నిజాం సలాబత్ జంగ్ తన కొలువులోని ఫ్రెంచి సైన్యం జీతాల కోసం ఉత్తర సర్కారులను ఆ సైన్యపు సేనాని బుస్సీకి రాసిచ్చాడు. అద్దె సైన్యం ఖర్చుకు జిల్లాల శిస్తు అప్పగించే అలవాటు ఆ కొలువులో అలా పాతుకుపోయింది. 1759లో ఇంగ్లీషు సేనాని ఫోర్డ్ మచిలీపట్నం కోటను ఫ్రెంచివారి నుంచి పట్టుకున్నాడు. 1765లో ఈస్టిండియా కంపెనీ మొగలు చక్రవర్తి షా ఆలం దగ్గర సర్కారులకు ఫర్మానా సంపాదించింది. మరుసటి ఏడాది నవంబరులో నిజాం అలీఖాన్‌తో ఒడంబడిక కుదిరింది: సర్కారులు కంపెనీవి, అందుకు ప్రతిగా కంపెనీ ఏటా నిజాముకు పేష్కష్ చెల్లిస్తుంది. కాగితం ప్రకారం నిజాం ప్రభువు, కంపెనీ కప్పం కట్టే సామంతుడు. శ్రీకాకుళం నుంచి కృష్ణ దాకా రైతు దగ్గర శిస్తు వసూలు చేసే హక్కు మాత్రం సామంతుడి చేతికి వెళ్లింది. 1798 సెప్టెంబరు 1న గవర్నర్ జనరల్ వెల్లస్లీ హయాంలో సైన్య సహకార ఒడంబడిక జరిగింది. ఫ్రెంచి సేనాని రేమాండ్ పెంచిన దళాలను అదే ఏడాది రద్దు చేశారు. వాటి చోట వచ్చిన ఆరు కంపెనీ పటాలాలకు ఏటా 24 లక్షల రూపాయలకు పైగా నిజామే భరించాలి. రెండేళ్లు తిరిగేసరికి ఆ నగదు బదులు నేల అడిగారు. టిప్పు సుల్తాను మీద 1792, 1799 యుద్ధాల్లో గెలిచిన పక్షాన నిలిచి నిజాం సంపాదించుకున్న ప్రాంతాలన్నీ 1800 అక్టోబరులో కంపెనీకి పోయాయి. బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలు సీమలు దత్త మండలాలు కావడం వెనక ఉన్న కథ ఇదే. శత్రువు మీద గెలిచిన నేల మిత్రుడికి కట్టాల్సిన ఖర్చు కింద జమైపోయింది.

ఆ తర్వాత జరిగింది ఇంకా దగ్గరగా చూడదగ్గది. నిజాం సర్కారు ఖర్చుకు చాలక హైదరాబాదులోని పామర్ కంపెనీ దగ్గర అప్పులు చేసింది. యూరోపియన్లు స్వదేశ రాజులకు అప్పులివ్వకూడదని పార్లమెంటు చట్టం ఉండగా, 1816లో గవర్నర్ జనరల్ హేస్టింగ్స్ ప్రభుత్వం ఈ సంస్థకు మినహాయింపు ఇచ్చింది. సంస్థ భాగస్వాముల్లో ఒకడైన రంబోల్డ్ భార్య హేస్టింగ్స్ పెంపకంలో పెరిగిన అమ్మాయి. వడ్డీ నూటికి పాతిక దాకా నడిచింది. నిజాం మంత్రి చందూలాల్ సంతకాలు చేస్తూ పోయాడు. 1820లో రెసిడెంటుగా వచ్చిన చార్లెస్ మెట్‌కాఫ్ ఈ లెక్కలు చూసి పట్టుబట్టడంతో 1823లో బాకీ తీర్చే ఏర్పాటు జరిగింది. ఆ ఏర్పాటులో డబ్బు నడిచిన దారి చూడాలి. ఉత్తర సర్కారులకు ఏటా తాను కట్టాల్సిన పేష్కష్‌ను కంపెనీ ప్రభుత్వం ఒకేసారి కట్టేసి శాశ్వతంగా వదిలించుకుంది. అలా ఇచ్చిన 1,16,66,666 రూపాయలు పామర్ బాకీకి పోయాయి. గుంటూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సీమల మీద నిజాముకు మిగిలి ఉన్న ఆఖరి హక్కు, కంపెనీ అనుమతితో పామర్ సంస్థ ఇచ్చిన అప్పుకు వడ్డీగా మారిపోయింది. హైదరాబాదు కంటింజెంట్ పేరుతో ఇంగ్లీషు అధికారుల కింద నడిచిన మరో సైన్యం ఉండేది. శాంతికాలంలో దాన్ని పోషించాలని ఏ ఒడంబడికలోనూ లేదు. అయినా దాని జీతాల బాకీ పేరుకుపోయింది. 1853లో డల్హౌసీ ఆ బాకీ చూపించి బేరారు, రాయచూరు అంతర్వేది, నల్‌దుర్గ్ ప్రాంతాల పాలన రాయించుకున్నాడు. 1857 తిరుగుబాటులో నిజాం ఇంగ్లీషువారి పక్షాన నిలిచినందుకు 1860లో మిగతావి తిరిగి ఇచ్చారు కానీ, పత్తి పండే బేరారును ఇవ్వలేదు. మొదటి సాలార్‌జంగ్ దాన్ని వెనక్కి తెచ్చుకోవడానికి ఇంగ్లండు దాకా వెళ్లి ప్రయత్నించినా ఫలితం లేకపోయింది. 1902లో కర్జన్ దాన్ని ఏటా 25 లక్షలకు శాశ్వత కౌలుగా మార్చాడు. రక్షణ ఖర్చయింది, ఖర్చు బాకీ అయింది, బాకీ భూమి అయింది. ఈ వరసలో ఎక్కడా నిజాం మీద కంపెనీ యుద్ధం ప్రకటించలేదు.

ఇదే తీరు ఈజిప్టులో ఇంకా పెద్ద ఎత్తున, బ్యాంకుల ద్వారా నడిచింది. అమెరికా అంతర్యుద్ధ కాలంలో ఈజిప్టు పత్తికి ధర పెరిగి దేశంలోకి డబ్బు ప్రవహించింది. ఆ ధీమాతో దేశపు పాలకుడు ఖదీవ్ ఇస్మాయిల్ సూయజ్ కాలువకు, రైళ్లకు, నగరాలకు, భవనాలకు యూరప్ బ్యాంకుల్లో అప్పులు చేశాడు. 1863లో ఆయన గద్దెనెక్కినప్పుడు 30 లక్షల పౌండ్ల చుట్టూ ఉన్న అప్పు 1876 నాటికి సుమారు 9 కోట్ల పౌండ్లకు చేరింది. అయితే ఆ అంకెను నమ్మేముందు అప్పు ఇచ్చిన తీరు చూడాలి. 1873లో చేసిన ఒక్క అప్పు పత్రాల మీద 3 కోట్ల 20 లక్షల పౌండ్లు. కమీషన్లు, తగ్గింపులు పోగా చేతికి అందింది సుమారు 2 కోట్లు. వడ్డీ మాత్రం పత్రం మీది మొత్తానికి కట్టాలి. 1875 నవంబరులో ఇస్మాయిల్ డబ్బుకు ఇబ్బందిపడి సూయజ్ కంపెనీలో తన వాటాలు అమ్మకానికి పెట్టాడు. బ్రిటిష్ ప్రధాని డిజ్రేలీ రాత్‌చైల్డ్ సంస్థ దగ్గర అప్పు తెచ్చి సుమారు 40 లక్షల పౌండ్లకు వాటిని కొన్నాడు. 1876లో రుణదాతల తరఫున ప్రభుత్వ రుణ సంఘం ఏర్పడింది, ఆదాయ వ్యయాల మీద ఇంగ్లీషు, ఫ్రెంచి కంట్రోలర్లు కూర్చున్నారు. 1878లో ఏకంగా రివర్స్ విల్సన్ అనే ఇంగ్లీషువాడు ఈజిప్టు ఆర్థిక మంత్రి, ద బ్లినియేర్ అనే ఫ్రెంచివాడు ప్రజాపనుల మంత్రి అయ్యారు. 1877లో నైలు వరద తక్కువై ఎగువ ఈజిప్టులో కరువు వచ్చింది. అయినా 1878 మే నెల వడ్డీ కిస్తు ఆగలేదు. పంట చేలో ఉండగానే పన్ను వసూలు చేశారు, రైతులు కోతకు రాని పంటను ఊరి వడ్డీ వ్యాపారులకు అయినకాడికి అమ్ముకున్నారు. ఈ సంగతిని తర్వాత తన పుస్తకంలో రాసింది రుణ సంఘంలో బ్రిటిష్ సభ్యుడిగా ఉన్న ఎవెలిన్ బేరింగే. అదే బేరింగ్ లార్డ్ క్రోమర్‌గా 1883 నుంచి 1907 దాకా ఈజిప్టును ఏలాడు. ఆయన హోదా కాన్సల్ జనరల్ మాత్రమే.

ఇక్కడ రుణదాతల అసలు భయం ఏమిటో 1882లో బయటపడింది. సైన్యంలో స్వదేశీ అధికారుల మీద వివక్ష, ఖర్చు తగ్గింపు పేరుతో వేలమందిని సగం జీతానికి ఇంటికి పంపడం, పన్నుల బరువు కలిసి కర్నల్ ఉరాబీ నాయకత్వంలో ఉద్యమం లేచింది. కొత్త శాసనసభ ఒక కోరిక కోరింది. రాబడిలో దాదాపు సగం అప్పులకు కేటాయించి ఉంది, ఆ సగం జోలికి తాము రామని, మిగిలిన సగం ఎలా ఖర్చు పెట్టాలో తాము చర్చించి ఓటు వేస్తామని చెప్పింది. లండను, పారిస్‌లకు ఇది కూడా మింగుడు పడలేదు. 1882 జూలై 11న బ్రిటిష్ నౌకాదళం అలెగ్జాండ్రియా మీద ఫిరంగులు పేల్చింది, సెప్టెంబరు 13న తెల్ ఎల్ కెబీర్ వద్ద ఉరాబీ సైన్యం ఓడింది. ఆ దాడిలో భారత సైనిక దళాలూ పాల్గొన్నాయి. కొద్దికాలానికి వెళ్లిపోతామని చెప్పిన సైన్యం 1956 దాకా ఈజిప్టు నేల మీద ఏదో ఒక మూల ఉండనే ఉంది. బడ్జెట్టు మీద ప్రజాప్రతినిధులు ఓటు వెయ్యాలనుకోవడమే యుద్ధానికి దారితీసిన ఉదంతం చరిత్రలో ఇంత స్పష్టంగా మరొకటి దొరకదు.

ఒట్టోమన్ సామ్రాజ్యంలో 1881 డిసెంబరులో ఏర్పడిన రుణ పాలనా సంస్థ ఉప్పు, పొగాకు, పట్టు, స్టాంపులు, సారా, చేపల మీద పన్నులు నేరుగా వసూలు చేసింది. దాని సిబ్బంది కాలక్రమంలో సుల్తాను ఆర్థిక శాఖ సిబ్బందిని మించిపోయారు. చైనాలో 1842 నాన్‌కింగ్ ఒడంబడిక తర్వాత దిగుమతి సుంకాన్ని నూటికి 5 దగ్గర కట్టేశారు. ఆ సుంకాల శాఖను 1863 నుంచి 1911 దాకా నడిపిన రాబర్ట్ హార్ట్ ఐర్లండువాడు. 1901లో బాక్సర్ తిరుగుబాటు పరిహారంగా చైనా మీద 45 కోట్ల టేల్‌ల భారం మోపినప్పుడు దాన్ని రాబట్టే మార్గం కూడా ఆ సుంకాలే. డొమినికన్ రిపబ్లిక్‌లో 1905 నుంచి రేవు సుంకాలు అమెరికా అధికారులు వసూలు చేసి నూటికి 45 మాత్రం స్థానిక ప్రభుత్వానికి ఇచ్చారు. మిగతాది రుణదాతలకు, వసూలు ఖర్చులకు పోయింది. ప్రపంచం నలుమూలలా, ఒకరినొకరు కాపీ కొట్టినట్టు, ఇదే ఏర్పాటు.

హైతీ కథ వేరు, అందులోని అన్యాయం మరీ ఘోరం. బానిసలు తిరగబడి ఫ్రెంచి సైన్యాన్ని ఓడించి 1804 జనవరి 1న స్వతంత్రం ప్రకటించుకున్న దేశం అది. 1825లో ఫ్రాన్సు రాజు పదో చార్లెస్ యుద్ధనౌకలు పంపి, గుర్తింపు కావాలంటే 15 కోట్ల ఫ్రాంకులు పరిహారం కట్టాలన్నాడు. తోటలు పోగొట్టుకున్న ఫ్రెంచి యజమానులకు ఇవ్వాల్సిన ఆ నష్టపరిహారపు లెక్కలో విముక్తులైన మనుషుల ధర కూడా ఉంది. తమను తామే విడిపించుకున్నవాళ్లు తమ వెల తామే చెల్లించాలి. మొదటి కిస్తు 3 కోట్లకు పారిస్ బ్యాంకుల్లో అప్పు చెయ్యాల్సి వచ్చింది, అందులోనూ చేతికందింది 2 కోట్ల 40 లక్షలే. 1838లో మొత్తాన్ని 9 కోట్లకు తగ్గించారు. ఆ పరిహారం, దాని వెంట పుట్టిన అప్పులు కలిసి హైతీ కాఫీ రాబడిని తరాల తరబడి తినేశాయి. ఆ వరసలోని చివరి బాకీలు 1947లో గానీ తీరలేదు. 1914 డిసెంబరులో అమెరికా నావికా సైనికులు హైతీ జాతీయ బ్యాంకులో ఉన్న 5 లక్షల డాలర్ల బంగారాన్ని ఓడకెక్కించి న్యూయార్కు తీసుకుపోయారు. 1915 జూలైలో దేశాన్నే ఆక్రమించి 1934 దాకా ఉన్నారు. వచ్చీ రాగానే తీసుకున్నది సుంకాల శాఖను. 1918 నాటి రాజ్యాంగం విదేశీయులు భూమి కొనకూడదన్న పాత నిషేధాన్ని ఎత్తేసింది. నేటి హైతీ పేదరికాన్ని అక్కడి పాలకుల అసమర్థతతో మాత్రమే వివరించేవారు ఈ నూట ఇరవై ఏళ్ల లెక్కను పక్కన పెట్టి మాట్లాడుతున్నారు.

ఈ వాదనకు గట్టి అభ్యంతరమే ఉంది. ఇస్మాయిల్ అప్పు చెయ్యమని ఎవరూ బలవంతం చెయ్యలేదు. చందూలాల్ సంతకం పెట్టకుండా ఉండవచ్చు. దుబారా చేసినవాడు చెల్లించాలి కదా అంటారు. ఇందులో నిజం ఉంది. స్థానిక పాలకుల, దళారుల సహకారం లేకుండా పరోక్ష ఆధిపత్యం ఒక్కచోట కూడా నిలవలేదు. అప్పులో కమీషన్ తిన్నవాళ్లు, తమ ప్రజల కంటే విదేశీ సైన్యాన్నే ఎక్కువ నమ్ముకున్న రాజులు ఈ కథలో అడుగడుగునా ఉన్నారు. కానీ అప్పు చేసినవాడు ఒకడు, కట్టినవాడు మరొకడు. ఇస్మాయిల్‌ను 1879లో గద్దె దించి పంపేశాక కూడా నైలు రైతు కడుతూనే ఉన్నాడు. పైగా రుణదాత తెలిసే ప్రమాదానికి సిద్ధపడి ఎక్కువ వడ్డీ, పెద్ద తగ్గింపు తీసుకున్నాడు. ప్రమాదం నిజమైనప్పుడు నష్టం అతను పడలేదు, యుద్ధనౌక వచ్చి రాబట్టింది. అప్పు విషయంలో ఒకే నీతి అందరికీ వర్తించలేదనడానికి 1953 లండన్ ఒప్పందమే సాక్ష్యం. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు వెనకల జర్మనీ పడి, పశ్చిమ జర్మనీ మీదికి వచ్చిన అప్పును రుణదాతలు దాదాపు సగానికి కోశారు. తిరిగి చెల్లింపును ఆ దేశపు ఎగుమతుల మిగులుతో ముడిపెట్టారు. జర్మనీ కోలుకోవడం వాళ్లకు అవసరం, ఎదురుగా సోవియట్ యూనియన్ ఉంది. అలాంటి వెసులుబాటు ఈజిప్టుకు, హైతీకి దొరకలేదు. అప్పు ఎంతన్నదాని కంటే అప్పుపడ్డవాడు ఎవరికి ఎంత అవసరమన్నదే లెక్క తేల్చింది.

విదేశీ పాలన కాలువలు తవ్వింది, రైళ్లు వేసింది, లెక్కలు చక్కబెట్టింది అన్నది రెండో అభ్యంతరం. క్రోమర్ కాలంలో ఈజిప్టు ఖజానా నిజంగానే కుదుటపడింది, 1902లో ఆస్వాన్ ఆనకట్ట పూర్తయి సాగు పెరిగింది. అయితే ఆ నీటితో పండిన పత్తి లాంకషైర్ మిల్లులకు వెళ్లింది. ఈజిప్టులోనే బట్ట నేసే మిల్లులు మొదలైతే 1901లో, దిగుమతి బట్ట మీద ఉన్న నూటికి 8 సుంకానికి సమానంగా స్వదేశీ బట్ట మీదా 8 ఎక్సైజ్ వేశారు. భారతదేశంలోనూ 1896లో మిల్లు బట్టల మీద నూటికి మూడున్నర ఎక్సైజ్ వేశారు, దాన్ని తీసేయడానికి ముప్ఫయ్యేళ్లు పట్టింది. అంటే అభివృద్ధి జరిగింది, దాని దిశ మాత్రం బయటివాళ్ల అవసరాన్ని బట్టి నడిచింది. కాలువ తవ్వినవాడి మేలు ఒప్పుకుంటూనే, నీరు ఎవరి చేలోకి మళ్లిందో అడగడం కృతఘ్నత కాదు.

సుంకాల శాఖ పట్టుకోవడం సాధ్యం కానిచోట, లేదా దేశమే ఎదురు తిరిగినచోట ప్రభుత్వాన్నే మార్చారు. 1901లో ఇరాన్ షా ఆంగ్లేయుడైన డార్సీకి 60 ఏళ్ల చమురు హక్కు ఇచ్చాడు; ఇరాన్ వాటా నికర లాభంలో నూటికి 16. 1914లో బ్రిటిష్ ప్రభుత్వం ఆ హక్కు మీద ఏర్పడిన కంపెనీలో సగానికి పైగా వాటా కొంది. ఇరాన్‌కు దక్కే రాయల్టీ కంటే అదే చమురు మీద బ్రిటిష్ ఖజానాకు వెళ్లే పన్ను ఎక్కువయ్యే పరిస్థితి వచ్చింది, లెక్కల పుస్తకాలు చూసే హక్కు ఇరాన్‌కు లేదు. 1951లో ప్రధాని మొసద్దిక్ చమురును జాతీయం చేస్తే ఆ చమురు ఎవరూ కొనకుండా బ్రిటన్ అడ్డుపడింది. రాబడి ఆగి రాజకీయం బలహీనపడ్డాక 1953 ఆగస్టులో అమెరికా, బ్రిటన్ గూఢచారి సంస్థలు కుట్ర చేసి ఆయన్ని దించాయి. సీఐఏ తన పాత్రను తన పత్రాల్లోనే 2013లో ఒప్పుకుంది. 1954లో కుదిరిన కొత్త ఏర్పాటులో పాత బ్రిటిష్ కంపెనీకి 40 శాతం, అమెరికన్ కంపెనీలకు 40 శాతం దక్కాయి. అదే ఏడాది గ్వాటెమాలాలో అధ్యక్షుడు అర్బెన్జ్ ప్రభుత్వం కూలింది. ఆయన చేసిన తప్పు 1952లో భూసంస్కరణ చట్టం తెచ్చి, అమెరికాకు చెందిన యునైటెడ్ ఫ్రూట్ కంపెనీ బీడుగా వదిలేసిన భూమిని పేద రైతులకు పంచడం. పరిహారంగా కంపెనీ పన్ను కాగితాల్లో స్వయంగా చూపిన విలువ ప్రకారం 6 లక్షల డాలర్ల పైచిలుకు ఇస్తామన్నారు. కంపెనీ తరఫున అమెరికా విదేశాంగ శాఖ కోటిన్నర డాలర్లకు పైగా అడిగింది. పన్ను కట్టేటప్పుడు ఒక ధర, పరిహారం తీసుకునేటప్పుడు ఇంకో ధర.

ఇదంతా పెట్టుబడిదారీ దేశాల లక్షణమనీ, అవి లేకపోతే ఇది ఉండదనీ ఒకప్పుడు చాలామంది నమ్మారు, తెలుగు నేల మీద కూడా. తూర్పు యూరప్ అనుభవం ఆ నమ్మకాన్ని నిలబడనివ్వదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక సోవియట్ యూనియన్ రుమేనియాలో ఉమ్మడి కంపెనీలు పెట్టి చమురు, యురేనియం, కలప రంగాలను చేతిలోకి తీసుకుంది. పోలండు బొగ్గును మార్కెట్ ధరకు చాలా తక్కువకు తరలించింది. 1956లో హంగెరీ, 1968 ఆగస్టులో చెకొస్లొవేకియా సొంత దారి పట్టబోతే ట్యాంకులు వచ్చాయి. సిద్ధాంతం మారింది, అందుబాటులో ఉన్న బలహీన పొరుగుదేశపు వనరు మీద బలవంతుడి చెయ్యి మారలేదు.

వలసలు స్వతంత్రమయ్యాక పట్టు సుంకాల నుంచి కరెన్సీకి, విదేశీ మారక ద్రవ్యానికి జరిగింది. ఫ్రాన్సు 1945లో తన ఆఫ్రికా వలసలకు సీఎఫ్ఏ ఫ్రాంకు ఏర్పాటు చేసింది. దేశాలు స్వతంత్రమైనా చాలాకాలం తమ విదేశీ నిల్వల్లో పెద్ద భాగాన్ని పారిస్ ఖజానాలో ఉంచాల్సి వచ్చింది. 1994 జనవరిలో ఆ ఫ్రాంకు విలువను సగానికి తగ్గించినప్పుడు డకార్, అబిజాన్ బజార్లలో దిగుమతి మందుల ధర, బియ్యం ధర ఒక్కసారిగా పెరిగాయి. 1958లో ఫ్రెంచి కూటమి వద్దని ఓటేసిన గినీ నుంచి ఫ్రెంచి అధికారులు ఫైళ్లు, పరికరాలు పట్టుకుని వెళ్లిపోయారు. మిగతావాళ్లకు ఆ సందేశం బాగానే అందింది. ఈ ఆయుధం పెద్ద రాజ్యాల మీద కూడా పనిచేస్తుందని సూయజ్ చూపింది. 1956లో నాసర్ కాలువను జాతీయం చేస్తే బ్రిటన్, ఫ్రాన్సు, ఇజ్రాయెల్ దాడి చేశాయి. పౌండు పడిపోతుంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి సాయానికి అమెరికా అడ్డు నిలిచింది, బ్రిటన్ కొద్ది రోజుల్లోనే కాల్పులు ఆపేసింది. వాటాలు కొని కాలువలోకి వచ్చిన దేశం, కరెన్సీ ఒత్తిడికి తలవంచి కాలువ వదిలింది.

భారతదేశం ఈ ఒత్తిడిని రెండుసార్లు దగ్గరగా చూసింది. 1965, 1966 కరువుల్లో అమెరికా గోధుమలు పీఎల్-480 ఆహార సాయం కింద వస్తుండగా, అధ్యక్షుడు జాన్సన్ ఓడలను నెల నెలకూ అనుమతిస్తూ పగ్గం చేతిలో ఉంచుకున్నాడు. వియత్నాం మీద ఢిల్లీ చేసిన విమర్శ ఆయనకు కోపం తెప్పించింది. 1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గించి డాలరుకు 4.76 నుంచి 7.50 చేశారు. రెండోసారి 1991 జూలైలో పి.వి. నరసింహారావు ప్రభుత్వం 47 టన్నుల బంగారాన్ని ఇంగ్లండు, జపాన్ కేంద్ర బ్యాంకుల దగ్గర కుదువపెట్టింది, ద్రవ్యనిధి షరతులకు ఒప్పుకుంది. ఆ సంస్కరణల వల్ల మేలు జరిగిందా కీడు జరిగిందా అన్న చర్చ వేరు. ఇక్కడ చెప్పుకోవాల్సింది, అదే ద్రవ్యనిధి దగ్గరికి వెళ్లిన చిన్న దేశాలతో పోలిస్తే ఢిల్లీకి బేరమాడే జాగా దొరికింది. స్వదేశంలో పండే తిండిగింజలు, పెద్ద మార్కెట్టు, లెక్కలు చదవగల అధికారులు ఉండబట్టే పెట్టుబడి రాకపోకల మీద నియంత్రణను తన వేగంతోనే సడలించుకోగలిగింది. ద్రవ్యనిధిలో ముఖ్య నిర్ణయాలకు 85 శాతం ఓట్లు కావాలి. అమెరికా ఒక్కదానికే 16 శాతానికి పైగా ఉన్నాయి. కాబట్టి వాషింగ్టన్ వద్దంటే జరగదు. డాలరు చెల్లింపుల మీద కూడా అమెరికాకు ఉన్న పట్టు వల్లే 2019 మే తర్వాత భారతదేశం తనకు అనువైన ఇరాన్ చమురు కొనడం మానుకుంది.

ఇప్పుడు ఈ చర్చ చైనా చుట్టూ తిరుగుతోంది. శ్రీలంక హంబన్‌తోట రేవును 2017లో 99 ఏళ్ల కౌలుకు చైనా కంపెనీకి ఇచ్చింది, దాన్ని అప్పు ఉచ్చుకు నమూనాగా చూపుతారు. వివరాల్లోకి వెళితే అంత సులువుగా తేలదు. కౌలు ద్వారా వచ్చిన 112 కోట్ల డాలర్లతో రేవు అప్పు రద్దు కాలేదు, ఆ డబ్బు విదేశీ మారక నిల్వలకు వెళ్లింది. 2022 ఏప్రిల్‌లో శ్రీలంక చెల్లింపులు ఆపేసేనాటికి దాని మెడకు ఎక్కువగా బిగిసింది అంతర్జాతీయ మార్కెట్లో అమ్మిన బాండ్లు. చైనా పొరుగు దేశాలన్నిటినీ పథకం ప్రకారం ముంచుతోందన్న మాటకు ఆధారాలు చాలవు. కానీ బేరమాడే బలం లేని ప్రభుత్వం, రహస్య షరతుల ఒప్పందం, కమీషన్ తినే స్థానిక పెద్దలు, ప్రజలకు చెప్పకుండా చేసిన సంతకం ఇక్కడా ఉన్నాయి. పామర్ కంపెనీ కాలం నుంచి రుణదాతకు పట్టు చిక్కింది ఈ పరిస్థితుల్లోనే. కౌలు తీసుకున్నవాడి ఉద్దేశం మంచిదైనా చెడ్డదైనా 99 ఏళ్ల రేవు 99 ఏళ్ల రేవే.

బలహీన దేశాలకు ఏ దారీ లేదని దీని అర్థం కాదు. జపాన్ మీద 1858లో అసమాన ఒప్పందాలు రుద్దారు, సుంకాలు నిర్ణయించుకునే హక్కు పోయింది. మెయిజీ ప్రభుత్వం ఈజిప్టు గతి చూసి జాగ్రత్తపడింది. 1870, 1873 నాటి రెండు అప్పుల తర్వాత 1897 దాకా విదేశాల్లో కొత్త అప్పు చెయ్యకుండా, రైతుల మీద భారీ భూమి పన్ను వేసి పరిశ్రమలు కట్టింది. 1899లో విదేశీయులకు ఉన్న ప్రత్యేక న్యాయస్థానాల హక్కును, 1911లో సుంకాల మీద పరాధీనతను వదిలించుకుంది. ఆ విముక్తికి ధర జపాన్ రైతు కట్టాడు, ఆ తర్వాత కొరియా కట్టింది. 1904లో టోక్యో మెగాతా అనే ఆర్థిక సలహాదారుణ్ని సియోల్‌కు పంపి కరెన్సీని మార్పించింది. 1905లో కొరియాను రక్షిత రాజ్యం చేసుకుని, సంస్కరణల ఖర్చు పేరుతో అప్పులు మోపింది. 1907 నాటికి ఆ బాకీ 1 కోటి 30 లక్షల యెన్‌లు. ఆ ఏడాది ఫిబ్రవరిలో డేగు నగరంలో, ప్రజలే చందాలు వేసుకుని ఆ అప్పు తీర్చేద్దామన్న ఉద్యమం పుట్టింది. మగవాళ్లు పొగాకు మానేసి ఆ పైసలు ఇచ్చారు, ఆడవాళ్లు వెండి ఉంగరాలు, జడ పిన్నులు తీసిచ్చారు, కూలీలు రోజు కూలిలో కొంత వేశారు. జపాన్ అధికారులకు అది అప్పు వసూలులా కనిపించలేదు, తిరుగుబాటులా కనిపించింది. చందాల లెక్కలు చూస్తున్న పత్రికా సంపాదకుడు యాంగ్ గిటాక్ మీద డబ్బు తిన్నాడని నేరం మోపి 1908లో అరెస్టు చేశారు, కోర్టులో అది నిలబడలేదు. ఉద్యమం మాత్రం అంతటితో ఆగిపోయింది. 1910 ఆగస్టులో జపాన్ కొరియాను కలిపేసుకుంది.